ఫిర్ బోల్గ్ వేషం కట్టి కొండకు మట్టి మోసిన శనివారం

సిడ్నీ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా ఏదైనా పల్లెటూరి ఉత్సవం ఉంటే చెప్పక్కా అని ఈ బ్లాగు చదివే పిల్లలు అడుగుతూనే ఉన్నారు. చెప్తాను. రైలు ఎక్కడ ఎక్కాలో, ఎంత అవుతుందో, ఏం తినాలో అన్నీ చెప్తాను. కానీ ఇది చల్లగా కూర్చుని చదువుకునే టపా కాదని ముందే హెచ్చరిస్తున్నా. నా చదువు రోజుల నాటి సంగతి ఇది. ఇప్పుడు ఉద్యోగం ఉంది, కారుంది, ఆ ఊరి మీదుగా రెండు మూడు సార్లు పోయాను కూడా. ఒక్కసారీ కారు ఆపలేదు. నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకోవాలన్న తొందర కూడా నాకేం లేదు.

అప్పట్లో సిడ్నీ శివార్లలోని గిరావీన్‌లో ఒక ఇంటి పెరట్లో విడిగా కట్టిన చిన్న గ్రానీ ఫ్లాట్‌లో నేనూ అస్మా అద్దెకుండేవాళ్లం. అస్మాది హైదరాబాద్, మలక్‌పేట. నర్సింగ్ చదివేది. నాది పాలకొల్లు, అకౌంటింగ్‌లో మాస్టర్స్. రెండు వీధులవతల డానియేలు ఉండేవాడు, నరసాపురం కుర్రాడు. ఆదివారాలు మా తెలుగు ప్రార్థన కూటంలో పరిచయమై, నాకంటే రెండేళ్లు చిన్నవాడు కాబట్టి అక్కా అని పిలిచేవాడు. సెమిస్టర్ మొదలయ్యే వారంలో యూనిలో క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని సభ్యులను చేర్చుకుంటాయి కదా, ఐరిష్ క్లబ్బు బల్ల దగ్గర సాసేజ్ ఉచితమన్నారు. ముగ్గురం పేర్లు రాశాం. అస్మా సాసేజ్ వద్దని బ్రెడ్డూ ఉల్లిపాయలూ మాత్రం తీసుకుంది. ఐర్లండ్ మీద మాకు అప్పటికి ఉన్న ప్రేమ అంతే.

ఆ తర్వాతి జనవరిలో ఆ క్లబ్బు నుంచి మెయిల్ వచ్చింది. బాథర్స్ట్ దాటాక ఒక చిన్న ఊళ్లో మార్చి నెలలో ఐరిష్ ఉత్సవం చేస్తారు, అందులో ఐర్లండ్ పురాణకథను ఆరుబయట నాటకంగా ఆడతారు, ఆ ఊరి పిల్లలంతా చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిపోయారు కాబట్టి ఫిర్ బోల్గ్ అనే ప్రాచీన జాతి వేషాలకు మనుషులు తక్కువయ్యారు, ఆసక్తి ఉన్నవాళ్లు రావచ్చు, భోజనం పెడతాం అని. పల్లెటూరు చూడొచ్చు, నాటకం వెయ్యొచ్చు, తిండి కూడా వాళ్లదే. ఊళ్లో ఉన్న దరిద్రమంతా మాదే అయిన రోజులవి, ముగ్గురం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. ఊరి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లంతా చెడ్డవాళ్లు కాదు.

ఈ ఫిర్ బోల్గ్ ఎవరా అని నేను యూని లైబ్రరీలో వెతికి చదివాను. ఆ ద్వీపానికి ఒకరి తర్వాత ఒకరుగా కొన్ని జాతులు వచ్చాయని ఐరిష్ వాళ్ల పురాణ చరిత్ర చెప్తుంది. అందులో ఒకరు వీళ్లు. అంతకుముందు గ్రీసు దేశంలో బానిసలట. అక్కడి రాళ్ల నేలను పొలం చెయ్యడానికి లోయలోని మంచి మట్టిని సంచులకెత్తి కొండల మీదికి వీళ్ల చేత మోయించేవారట. ఫిర్ బోల్గ్ అంటేనే సంచుల మనుషులని కొందరు అర్థం చెప్తారు. మోసి మోసి విసిగిపోయి, ఆ సంచులతోనే పడవలు కట్టుకుని సముద్రం దాటి ఐర్లండ్ చేరారు. దేశాన్ని ఐదు భాగాలు చేసుకుని పాలించుకున్నారు. తర్వాత తూహా డే డానన్ అనే ఇంకో జాతి దిగింది. వాళ్లు మంత్రాలు తెలిసినవాళ్లు, దేవతల్లాంటివాళ్లు. సగం దేశం ఇచ్చెయ్యమన్నారు, వీళ్లు ఇచ్చేది లేదన్నారు, యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో స్రెంగ్ అనే ఫిర్ బోల్గ్ వీరుడు అవతలి రాజు నువాడ చెయ్యి నరికేశాడు. అయినా ఫిర్ బోల్గ్ వైపే ఎక్కువమంది పోయారు, వాళ్ల రాజూ పోయాడు. మిగిలిన పిడికెడు మందిని వెనకేసుకుని స్రెంగ్ మళ్లీ ఎదురు నిలబడితే, అవతలివాళ్లు దిగొచ్చి, ఐదు భాగాల్లో నీకు కావలసింది కోరుకోమన్నారు. అతను పడమటి దిక్కున ఉన్న కొనాక్ట్ కోరుకున్నాడు. కథను రకరకాలుగా చెప్తారు గానీ నేను చదివిన ముగింపు ఇది. ఓడినవాడు కోరుకోవడమూ, గెలిచినవాళ్లు కిక్కురుమనకుండా ఇవ్వడమూ నాకు భలే నచ్చాయి.

డానియేలుకు స్రెంగ్ వేషం వచ్చింది. వాడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. నరసాపురంలో వాళ్ల చర్చిలో క్రిస్మస్ నాటకమంటే హేరోదు రాజు వేషం వాడిదే. వాడు కేకేస్తే ముందు వరసలో పిల్లలు జడుసుకుని ఏడ్చేవారట. ఇక్కడికొచ్చాక ఒక సూపర్‌మార్కెట్‌లో చెకౌట్ దగ్గర నిలబడి, హౌ ఆర్ యూ, బ్యాగ్ కావాలా, రసీదు కావాలా అనే మూడు మాటలు తప్ప నాలుగో మాట అనకుండా రెండేళ్లు గడిపాడు. క్లాసులో ప్రొఫెసర్ అడిగినా నోరు విప్పడు. తన యాసకు నవ్వుతారని భయం. అలాంటివాడికి నాటకం రాతప్రతి మెయిల్‌లో వచ్చింది, చివరి పేజీ మొత్తం స్రెంగ్ మాటలే. ఇంక చూడాలి వాడిని. మా టూంగాబీ స్టేషన్‌లో నిలబడి అదే, రైల్లో అదే, మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అదే. ఇంగ్లీషులో ఆ పేజీ నాకూ అస్మాకూ కంఠతా వచ్చేసింది. "అక్కా, ఒక్కసారి ఇంతమంది ముందు మాట్లాడేశానంటే నాకిక్కడ ఇంకేం భయం ఉండదు" అన్నాడు ఒకరోజు. ఆ చివరి పేజీ వాడికి అంత ముఖ్యం. మిగతాది చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక దారి సంగతి. సొంత కారు లేనివాళ్లు పారమట్టాలో రైలెక్కండి. ఉదయం ఏడున్నర దాటాక డబ్బో వైపు వెళ్లే దూరప్రయాణపు రైలు అక్కడ ఆగేది. దీనికి సిటీ రైళ్లలో వాడే ట్యాపింగ్ కార్డు పనిచెయ్యదు, సీటు ముందే బుక్ చేసుకోవాలి. మా రోజుల్లో ఒక వైపుకు ముప్పై డాలర్ల పైచిలుకు. ఫీజంతా కట్టే విదేశీ విద్యార్థులమని మాకు రాయితీ లేదు, పూర్తి టికెట్టే. కోపం ఆ టికెట్ కొన్న దగ్గరే మొదలైందనుకోండి. కానీ దారి మాత్రం చూసి తీరాలి. పెన్రిత్ దాటగానే కొండలు మొదలవుతాయి, ఎడమ వైపు కిటికీ దొరికితే అదృష్టం, లిత్‌గో తర్వాత ఎండిన గడ్డి, గొర్రెలు, దూరదూరంగా ఒక్కో ఇల్లు. రైల్లో బఫే ఉంటుంది గానీ మేం కట్టుకెళ్లిన పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు ముందు అది దండగ. మా పెట్టెలో మాతోపాటు వేషాలకు ఒప్పుకున్న ఇంకో నలుగురున్నారు. ఇద్దరు పంజాబీ అబ్బాయిలు, ఒక నేపాలీ అమ్మాయి, ఒక శ్రీలంక తమిళ కుర్రాడు. ఏడుగురిలో ఒక్కరూ తెల్లవాళ్లు లేరేమిటని అప్పుడు నాకు తట్టలేదు. పులిహోర పంచుకోవడంలో పడిపోయాం.

పదకొండు ప్రాంతంలో బాథర్స్ట్‌లో దిగాం. అక్కడి నుంచి ఆ ఊరికి బస్సుల్లేవు, ముప్పావు గంట ప్రయాణం, కమిటీవాళ్లు మినీబస్సు పంపారు. నడిపేది బ్రెండన్ అనే అరవై ఏళ్ల మనిషి, ఊళ్లో పనిముట్ల దుకాణం ఆయనది. ఎక్కగానే అద్దంలోంచి మమ్మల్ని చూసి, "ఇవాళ నా చెయ్యి నరికే మొనగాడు ఎవరయ్యా?" అన్నాడు. నువాడ రాజు ఆయనే. డానియేలు సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు. బ్రెండన్ సీటు కింద నుంచి రబ్బరు గ్లవ్‌లో దూది కుక్కి చేసిన ఒక చెయ్యి తీసి చూపించాడు. మనవరాలు చేసిందట, లోపల టమాటా సాస్ పొట్లం కూడా పెట్టిందట. గట్టిగా నరుకు, మొహమాటపడకు అని ఊరొచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. ఆ ముప్పావు గంటా డానియేలు మొహం వెలిగిపోయింది.

దిగగానే ఎదురొచ్చింది నొరీన్. ఉత్సవ కమిటీ పెద్ద, డెబ్బై దగ్గర వయసు, గట్టి మనిషి, రిటైరైన టీచరమ్మ. నన్ను నొరీన్ అనే పిలవండి అంది. డెబ్బై ఏళ్ల ఆవిడను పేరు పెట్టి పిలవడానికి మా నోళ్లు పెగలవు కదా. ఏడుగురం ఏకకంఠంతో నొరీన్ ఆంటీ అన్నాం. ఆవిడ మురిసిపోయింది, ఎంత మర్యాదస్థులో అని పక్కవాళ్లకు చెప్పింది. మేం చేసిన పెద్ద పొరపాటు అదేనని ఇప్పటికీ అంటాను. మనకు ఒకసారి ఆంటీ అన్నాక ఆ మనిషికి కాదు అని చెప్పే దారి మూసుకుపోతుంది. ఆంటీ చెప్తే చెయ్యాలి. ఆంటీ పిలిస్తే లేచి వెళ్లాలి. ఇదంతా ఆవిడకు తెలియదు, కానీ ఆ పిలుపు వల్ల వచ్చే లాభం మాత్రం పావుగంటలో అందిపుచ్చుకుంది.

వేషాలు ఇచ్చారు. తూహా డే డానన్ వాళ్లకు మెరిసే ఆకుపచ్చ అంగీలు, బంగారు రంగు పట్టీలు, తల మీద కిరీటాల్లాంటివి. మాకు గోధుమరంగు గోనెపట్టాలు, మెడ దూరడానికి కన్నం చేసినవి. అటు నిలబడ్డవాళ్లంతా ఊరివాళ్లు, మా క్లబ్బు నుంచే సొంత కార్లలో వచ్చిన ముగ్గురు తెల్ల పిల్లలు. ఇటు మేం. మా క్లబ్బు పిల్లలే అటెందుకున్నారంటే, వాళ్లకు అంగీలు సరిపోయాయి అంది నొరీన్. అస్మా తన గోనెపట్టాను అటూ ఇటూ తిప్పి చూసి, "సునీతా, దేవతలేమో గటు, కూలోళ్లేమో గిటు. సైజులు మస్తు కరెక్టుగ చూసిన్రు" అంది. నాకు అప్పటికే అరికాలి మంట మొదలైంది. కథలో ఉన్నదే కదా, ఎవరో ఒకరు వెయ్యాలి కదా అని డానియేలు సర్ది చెప్పాడు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆ ఊరి వెనక ఒక చిన్న కొండ ఉంది, మీద రాళ్ల నేల, పాతకాలపు ఐరిష్ వలస కుటుంబాల జ్ఞాపకార్థం అక్కడ తోట వెయ్యాలని కమిటీ సంకల్పం. మీదికి మెట్లే తప్ప బండి దారి లేదు. కొండ కింద ఒక లారీ లోడు నల్లమట్టి గుట్టగా పోసి ఉంది. మా చేతికిచ్చిన గోనెసంచుల్లో గడ్డి నింపుతారని మెయిల్‌లో రాశారు. నొరీన్ నవ్వుతూ చెప్పింది, గడ్డి బదులు నిజం మట్టే నింపుకుంటే నాటకం సహజంగా ఉంటుంది, తోట పనీ అయిపోతుంది, ఒక్క దెబ్బకు రెండు పిట్టలని. ముందు రిహార్సల్ కింద కొంత మోసేస్తే సులువవుతుందని కూడా అంది. ఏం అనాలో తెలియక నేను డానియేలు వైపు చూశాను. వాడు అప్పటికే పార అందుకుంటూ "ఓకే ఆంటీ" అనేశాడు.

మోశాం. రాళ్ల నేలను తోట చెయ్యడానికి, కింది మట్టిని సంచులకెత్తుకుని, కొండ మీదికి. ఈ వాక్యం పైన ఎక్కడో రాసినట్టే ఉంది కదూ? మాకూ అలాగే ఉంది. గ్రీసువాళ్లు నయం, నాటకమని చెప్పి మోయించలేదు. మార్చి ఎండ, మొహమంతా ఈగలు, గోనెపట్టా మెడకు గీరుకుని దద్దుర్లు. ఆకుపచ్చ అంగీలవాళ్లు నీడలో కూర్చుని నిమ్మరసం తాగుతున్నారు. ఊరివాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు, ఒకావిడ నన్ను సంచి దించకుండా కాసేపు అలాగే ఉండమంది. ఉన్నాను. ఎందుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. నేపాలీ అమ్మాయి మెట్ల మీద కూలబడితే బ్రెండన్ పరిగెత్తుకొచ్చి నీళ్లిచ్చి, ఇదేం పద్ధతి నొరీన్ అని గట్టిగానే అడిగాడు. పిల్లలు సంతోషంగానే చేస్తున్నారు కదా, వాళ్లే ఒప్పుకున్నారు అందావిడ. నిజమే, మేం ఓకే ఆంటీ అనే అన్నాం.

మధ్యాహ్నం నాటకానికి కాసేపుందనగా నొరీన్ మా దగ్గరికొచ్చి, చిన్న మార్పు అంది. డాన్స్ స్కూలు పిల్లలకు సమయం చాలడం లేదు, తర్వాత బార్బెక్యూ ఉంది, అందుకని చివరి పేజీ తీసేస్తున్నాం. మీరు సంచులు మోసుకుని పైకి రండి, దేవతలు కత్తులు ఎత్తుతారు, మీరంతా పడిపోండి, అంతే. డానియేలు వీపు మీదున్న మట్టి దులుపుకుంటున్నవాడు ఆగిపోయాడు. స్రెంగ్ మాటలు ఉండవా ఆంటీ అని అడిగాడు. నాయనా అన్నట్టు లవ్ అని పిలిచి, ఎండలో అంత పొడుగు ప్రసంగం ఎవరు వింటారు, నువ్వు బాగా చచ్చిపోతే చాలు అందావిడ. వాడు పర్లేదు ఆంటీ అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడను పక్కకు పిలిచి, మీ పూర్వీకులు ఏ ఊరివాళ్లని అడిగాను. మేయో అని గర్వంగా చెప్పింది. మేయో కొనాక్ట్‌లోదే కదా ఆంటీ అన్నాను. స్రెంగ్ కోరుకున్న భాగం అది, అతను ఆ రోజు నోరు తెరవకుండా చచ్చిపోయి ఉంటే మీరు చెప్పే కథలో మీ ఊరు ఎవరిదయ్యేదో ఒకసారి ఆలోచించండి, ఆ పేజీ తీసేస్తే మిగిలేది మట్టి మోసి చావడమే అన్నాను. గొంతు పెరిగినట్టుంది, ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆవిడ నా భుజం తట్టి, "ఇది కథేనమ్మా, మనసులో పెట్టుకోకు. సాసేజ్‌లు చల్లారిపోతాయి" అని వెళ్లిపోయింది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగాక బోడి మల్లన్న అంటారే, మాకు ఓడ దిగేదాకా కూడా ఆ గౌరవం దక్కలేదు.

ఆవిడ మీద కంటే నాకు డానియేలు మీదే ఎక్కువ కోపం వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదురా, ఎనిమిది వారాలు మా చెవులు చిల్లులు పడేలా చదివావు, పర్లేదు ఎలా అన్నావు అని తిట్టాను. "గొడవొద్దక్కా. వాళ్ల ఊరు, వాళ్ల పండగ. మనం గెస్టులం" అన్నాడు తలెత్తకుండా. అస్మా అప్పటిదాకా కాళ్లు పట్టుకుపోయి గడ్డి మీద పడుకుని ఉంది. లేచి కూర్చుని, "గెస్టుల నెత్తి మీద మట్టి మూటలు ఎవలన్న పెడ్తర్రా?" అంది.  వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, మట్టి పడిందని తుడుచుకున్నాడు.

నాటకం మొదలైంది. కొండ మీద మూడు వందల మందైనా ఉంటారు, కుర్చీలు, గొడుగులు, పిల్లలు. నొరీన్ మైకు పట్టుకుని కథ చెప్తోంది. మేం సంచులు మోసుకుంటూ మెట్లెక్కి, తోటకని గీసిన చదరంలో మట్టి కుమ్మరించాం. మెరిసే అంగీలవాళ్లు వచ్చారు, కత్తులెత్తారు. ఏడుగురం మేమే పోసిన ఆ మట్టి మీద పడిపోయాం. ఆ విధంగా ఫిర్ బోల్గ్ జాతి నేల మీద లేకుండా పోయింది అని నొరీన్ మైకులో చెప్పింది. చప్పట్లు కొట్టారు. నా చెంప కింద మట్టి వేడిగా ఉంది. పక్కనే డానియేలు కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు మాత్రం కదుపుతున్నాడు. ఆ చివరి పేజీ లోలోపల చదువుకుంటున్నాడు. అది చూశాక నేనింక పడుకోలేకపోయాను.

లేచి నిలబడ్డాను. ఎవరికీ కాదు, వాడికే, తెలుగులో, ఆ కొండంతా వినబడేలా చెప్పాను. "ఒరేయ్ డానియేలూ, నువ్వు చావలేదురా. లే. లేవడానికి కూడా ఆంటీ పర్మిషన్ కావాలా?"

డాన్స్ పిల్లల పాట పెట్టబోతున్నవాడు ఆగిపోయాడు. డానియేలు కళ్లు తెరిచాడు, నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. నెమ్మదిగా లేచి మోకాళ్లకంటిన మట్టి దులుపుకున్నాడు. అప్పటికి నువాడ రాజు వెళ్లిపోవాలి. బ్రెండన్ వెళ్లలేదు. రబ్బరు చెయ్యి తొడుక్కునే ఉన్నాడు, దాన్ని ముందుకు చాచి నిలబడ్డాడు. డానియేలు నడుముకు దోపుకున్న చెక్క కత్తి లాగి ఒక్క వేటు వేశాడు. చెయ్యి ఎగిరిపడింది, సాస్ చిందింది, పిల్లలు కేరింతలు కొట్టారు. తర్వాత వాడు మొదలుపెట్టాడు. మొదటి మాట వణికింది, రెండోది కూడా. మూడో మాటకు హేరోదు గొంతు వచ్చేసింది. మీకు కొండలు కావాలంటే మేం మట్టి మోశాం, మీకు దేశం కావాలంటే మా వాళ్లు నేల మీద పడ్డారు, నా చేతిలో కత్తి ఉన్నంతవరకు మీకు నిద్ర ఉండదు, మా వాటా ఏమిటో ఇప్పుడే తేల్చండి. అచ్చం నరసాపురం యాసలో ఇంగ్లీషు. ఒక్కడూ నవ్వలేదు. 

ఇప్పుడు రాజు అడగాలి. ఐదు భాగాల్లో ఏది కావాలో కోరుకో అని రాజు అడిగితేనే స్రెంగ్ చెప్పాలి, నాటకంలో అలాగే ఉంది. బ్రెండన్ నొరీన్ వైపు చూశాడు. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది, మైకులో థాంక్యూ థాంక్యూ అని మొదలుపెట్టింది. బ్రెండన్ చేతికంటిన సాస్ అంగీకి తుడుచుకుని, రాజు మాట మర్చిపోయి తన మాటలోనే అడిగాడు. "ఏం కావాలయ్యా నీకు?"

"కొనాక్ట్" అన్నాడు డానియేలు. ఒక్క మాట, చాలా మామూలుగా.

చప్పట్లు కొట్టారు, లేచి మరీ కొట్టారు. అదంతా నాటకంలో భాగమే అనుకున్నారు పాపం. ఇక్కడితో ఆపేస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ జరిగింది ఇంకా ఉంది. డాన్సు మొదలయ్యాక నొరీన్ గబగబా వచ్చింది. కోప్పడలేదు. బ్రహ్మాండం, నీలో ఇంత ఉందనుకోలేదు, వచ్చే ఏడాది ఇది ఉంచేద్దాం అంది డానియేలుతో. తర్వాత గొంతు తగ్గించి, కింద ఇంకా సగం మట్టి మిగిలిపోయింది, మీ రైలుకు ఇంకా సమయం ఉంది కదా, అబ్బాయిలు ఇంకో రెండు మూడు విడతలు మోసేస్తే పని అయిపోతుంది అంది. చెయ్యి చాచి ఖాళీ సంచి కూడా అందించింది.

డానియేలు ఆ సంచి తీసుకున్నాడు.  వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"లేదు నొరీన్" అన్నాడు. "మేం మొయ్యం."

ఆంటీ అనలేదు. గొంతులో కోపం లేదు, వణుకూ లేదు. ఆవిడకు కాసేపు అర్థం కాలేదు. పొద్దున ఎంత మంచి పిల్లలనుకున్నాను అని గొణుక్కుంటూ సంచి పట్టుకుని వెళ్లిపోయింది. తన పేరు పెట్టి పిలవమన్నది ఆవిడే, పిలిస్తే ముఖం మాడ్చుకున్నదీ ఆవిడే. మేం కొండ మీదే, ఆ చదరపు మట్టి గట్టున కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. బార్బెక్యూ దగ్గరికి పోలేదు. బ్రెండన్ నీళ్ల సీసాలు పట్టుకొచ్చి మా పక్కన కూర్చుని, పులిహోర తిని, పచ్చిమిర్చి కొరికి, ఉక్కిరిబిక్కిరై మా నీళ్లన్నీ తాగేశాడు. ఆ రోజు మొత్తంలో మేం నవ్వింది అప్పుడే. సాయంత్రం ఆరు లోపు బాథర్స్ట్‌లో తిరుగు రైలు, ఆయనే దించాడు.

ఇక తేలిందేమిటంటారా? కొన్నాళ్లకు ఆ ఉత్సవం పేజీలో ఫోటోలు పెట్టారు. స్రెంగ్ లేడు, తెగిన చెయ్యి లేదు, కొనాక్ట్ లేదు. ఉన్నదల్లా గోనెపట్టాలు కట్టుకుని సంచులు మోస్తున్న మేం ఏడుగురం, కింద ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన మా స్నేహితులు అని ఒక వాక్యం. మూడు వందల మంది ముందు డానియేలు మాట్లాడిన మాట ఒక్కరి ఫోన్‌లోనూ మిగల్లేదు. నాకు కడుపు మండేది అక్కడే. బరువు మోసేటప్పుడు మనం ఎంత బాగా కనిపిస్తామో, నోరు తెరిస్తే అంత మాయమైపోతాం. పురాణాల్లో ఓడినవాళ్ల గతి కూడా ఇదే అయ్యుంటుందని అప్పటి నుంచి అనుకుంటాను. వాళ్లు చచ్చిపోయి కాదు, చివరి పేజీ ఎవరో సమయం లేదని తీసేసి ఉంటారు. డానియేలు మాత్రం ఆ సోమవారం క్లాసులో చెయ్యెత్తాడట. ఏం అడిగావురా అంటే, ప్రొఫెసర్ చెప్పింది తప్పని చెప్పానక్కా అన్నాడు.

వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా. మరుసటి ఏడాది మా క్లబ్బుకు మళ్లీ అదే మెయిల్ వచ్చింది, బలమైన యువతీయువకులు కావాలని. డానియేలు ఒక్క ముక్క రాసి పంపాడు: "ముందు చివరి పేజీ పంపండి." జవాబు రాలేదు, వాడు వెళ్లలేదు. మీరూ అంతే, ఏ ఊళ్లో ఎవరు వేషమిస్తామన్నా ఒప్పుకునేముందు ఆ నాటకంలో మీవాళ్లు చివరికి ఏమవుతారో అడగండి, చివరి పేజీ పంపకపోతే టికెట్ బుక్ చెయ్యకండి.